రేవు దగ్గర మొదలుపెట్టు

శ్రీకాకుళం

తల్లీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. దాంతోపాటు పెట్టిన ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఉత్తరమే బాగుంది. నొచ్చుకోకు, ఎందుకో చెప్తాను.

కథలో మీ నాయనమ్మ బర్మాలోని మౌల్మీన్‌లో కారు దిగుతుంది. వీధి మలుపు తిరగ్గానే తను పుట్టిన ఇంటిని గుర్తుపట్టి, గడప మీద కూలబడి ఏడుస్తుంది. ఉత్తరంలోనేమో ఇలా రాశావు: “నిజానికి ఇల్లు దొరకలేదు మాస్టారూ. గంటన్నర తిరిగాం. పిల్లలకి ఆకలి. చివరికి నాన్న ఒక పాత చెక్కింటి ముందు నాయనమ్మని నిలబెట్టి, ఇదే అనుకో అమ్మా, అని ఫోటో తీసేశారు. కథకి అది బాగోదని మార్చాను.”

మార్చకమ్మా. ఇల్లు దొరకని కథే రాయి.

అదే ఉత్తరం చివర్న, హోటల్ గదుల సంగతి చెప్తూ మధ్యలో ఒక ముక్క రాశావు. పెద్ద వంతెన దాటాక మీ నాయనమ్మ “మరి పడవెప్పుడెక్కుతాం?” అని రెండుసార్లు అడిగిందని, మీరంతా నవ్వుకున్నారని. అది చదివి నేను కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ ఊరు వదిలిన 1964లో అక్కడ సాల్వీన్ నది మీద వంతెన లేదు. రంగం, అదే రంగూన్, నుంచి వచ్చే రైలు అవతలి ఒడ్డున, మర్తబాన్‌లో ఆగిపోయేది. అక్కడ దిగి, మూటలు నెత్తినెత్తుకుని, పడవలో నది దాటితే మౌల్మీన్ రేవు. వంతెన కట్టింది 2005లో. ఆవిడకి ఊరంటే రేవు దగ్గర మొదలయ్యేది. రేవు నుంచి ఇంటికి దారి ఆవిడ కాళ్ళకి తెలుసు. మీరు వంతెన మీంచి తీసుకెళ్ళి ఊరి నడిమధ్య దింపారు. విజయనగరంలో పుట్టి పెరిగిన నిన్ను కళ్ళకి గంతలు కట్టి ఏదో సందులో దింపితే, గంటస్తంభం ఎటుందో తెలిసేదాకా నువ్వు మాత్రం ఇంటికి వెళ్ళగలవా?

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇదే తప్పు నేను చేశాను.

మా నాన్న రంగం రేవులో కూలీ. 1941 డిసెంబరు 23న అక్కడ జపాను బాంబులు పడ్డాయి. ఆ తర్వాత లక్షల మంది మనవాళ్ళు బర్మా వదిలి నడక పట్టారు. ఈయన ప్రోమ్ మీదుగా తౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరం చేరాడు, అక్కణ్ణించి చిట్టగాంగ్. ఆ దారి పొడుగునా కలరా. తౌంగప్ కొండల్లో ఒక ముసలమ్మ చెయ్యి చాపిందని ఆయన ఒకసారి నాతో అని, ఆపేశాడు. 1978లో నేను దాని మీద కథ రాశాను. ఆయన ఆపినచోట నేను పూరించాను. కథలో ఆయన తన దగ్గరున్న ఆఖరి గుప్పెడు అటుకులు ఆ ముసలమ్మకి పెట్టేస్తాడు. కథ అచ్చయింది, పేరొచ్చింది. పత్రిక పట్టుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి ఆయనకి చదివి వినిపించాను. చేతిలో చుట్ట ఆరిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

“నానివ్వనేదు నాయనా. ఆయమ్మ సెయ్యి సాపింది. నాను మొకం తిప్పీసుకొని ఎల్లిపోనాను.”

మరి పోయేదాకా నాకు బర్మా మాట చెప్పలేదు. 36 ఏళ్ళు లోపల మోసినదాన్ని ఆయన చెప్పుకునేలోపే నేను ఆయన్ని మంచివాణ్ణి చేసేశాను. మీ నాయనమ్మని గడప మీద కూలబెట్టి ఏడిపించావు కదా, చూడగానే నాకు ఆ అరుగు గుర్తొచ్చింది. నీకు ఇంకా టైముంది. ఆవిడ బతికే ఉంది.

ఇంకో సంగతి. కథలో రాని మంచి ముక్కలు నీ ఉత్తరంలో ఇంకా ఉన్నాయి. రంగంలో ష్వెడగాన్ పగోడా అనే బౌద్ధ గుడి దగ్గర ఏం జరిగిందో రాశావు. అక్కడ పుట్టిన వారాన్ని బట్టి ఎనిమిది మూలలుంటాయి, బుధవారాన్ని పూటల లెక్కన రెండు చేస్తారు. మీ నాయనమ్మ పాస్‌పోర్టులో పుట్టినతేదీ జనవరి 1. ఆ తేదీ ఆఫీసు గుమాస్తా వేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిది, ఎవరినీ అడక్కుండా ఆవిడ నేరుగా సింహం బొమ్మ ఉన్న మంగళవారం మూలకి నడిచివెళ్ళి, గిన్నెతో నీళ్ళు పోసిందన్నావు. అక్కడే మీ మేనల్లుడు “నాయనమ్మకి ఇవన్నీ ఎలా తెలుసు?” అని అడిగాడు. ఇంత ఉండగా గడప మీద కన్నీళ్ళెందుకు? “ఆమె మనసు గతంలోకి ప్రయాణించింది” లాంటి వాక్యాలు పన్నెండు లెక్కపెట్టాను. అన్నీ కొట్టెయ్. ఆ నీళ్ళ గిన్నె ఒక్కటి చాలు.

మాటల దగ్గర జాగ్రత్త. “వలసదారులు” అని రాశావు. మన ఊళ్ళలో ఎవరూ అలా అనలేదు. కళింగపట్నంలోనో భీమిలిలోనో స్టీమరెక్కినవాణ్ణి “రంగం ఎల్లిపోనాడు” అన్నారు. అక్కడ బర్మావాళ్ళు మనల్ని కోరంగి రేవు పేరు పెట్టి “కోరంగీలు” అన్నారు, గౌరవంగా కాదు. 1964లో దుకాణాలు ప్రభుత్వం తీసేసుకుంటే తిరిగొచ్చినవాళ్ళని ఇక్కడ “కాందిశీకులు” అన్నారు. ఏ దిక్కుకి పోను అనుకునేవాడని ఆ సంస్కృతం మాటకి అర్థం. మీ నాన్నని బళ్ళో “బర్మావోడు” అని ఏడిపించేవారని రాశావు. ఇక్కడ పుట్టిన పిల్లాడు, బర్మా మొహం చూడనివాడు! అందుకే ఫోటో విషయంలో మీ నాన్న మీద కోపం తెచ్చుకోకు. కథలో ఆయన్ని తొందరపాటు మనిషిగా రాశావు. సొంతూరంటూ ఒకటి తల్లికి చూపించి తీరాలని డబ్బులు కూడబెట్టి, విశాఖ నుంచి కోల్‌కతా, అక్కడి నుంచి రంగం ఆరుగురిని తీసుకెళ్ళిన మనిషి ఆయన. వట్టి చేతులతో తిరిగిరావడం ఆయన వల్ల కాలేదు. “ఇదే అనుకో అమ్మా” అన్న మాటలో నాకు ఆ పిల్లాడే వినిపించాడు.

ఆ చెక్కింటి ఆవిడ గురించి కూడా. కథలో ఆమెని ఇల్లు ఆక్రమించుకున్న మనిషిలా చూపించావు. అది మీ ఇల్లే కాదు కదమ్మా! గుమ్మం ముందు ఎవరో ఆరుగురు ఫోటోలు తీసుకుంటుంటే బయటికొచ్చి, పీటలు వేసి, టీ ఇచ్చిందన్నావు. అప్పుడు మీ నాయనమ్మ నోట 55 ఏళ్ళ తర్వాత బర్మా మాట వచ్చింది: “థమిన్ సా పీ బీ లా?” అన్నం తిన్నావా అని. మనమూ గుమ్మంలో మనిషి కనిపిస్తే అదే అడుగుతాం. బర్మావాళ్ళ కోపానికీ కారణాలున్నాయని తెలుసుకుని రాయి. 1930 మేలో రంగం రేవులో మన కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తీరగానే వాళ్ళని పంపేసి మనవాళ్ళని తిరిగి తీసుకున్నారు. దాంతో రేగిన అల్లర్లలో మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. ఆ ఇద్దరు కూలీల కడుపూ ఒక్కటే. ఇదంతా నీ కథలో పెట్టమనడం లేదు. తెలిసి రాస్తే ఆ టీ ఇచ్చిన ఆవిడ వేరేగా కనిపిస్తుంది. శ్రీకాకుళం వచ్చినప్పుడు తెలుగు కథల లైబ్రరీ కథానిలయంలో పాత పత్రికలు చూద్దువుగాని, నేను వెంట వస్తాను.

మీరు వెళ్ళొచ్చింది 2019లో. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక ఆ దేశం పరిస్థితి నీకు తెలుసు. మీ నాయనమ్మ వయసూ తెలుసు. మళ్ళీ వెళ్ళి ఆ రేవులో దిగడం కుదిరే పని కాదు.

కాబట్టి ఈ ఆదివారం ఆవిడ పక్కన కూర్చో. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు, ఆవిడ బిగుసుకుపోతుంది. ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకెళ్ళు. ఏమనిపించింది, బాధేసిందా, అని అడక్కు. పడవ దిగాక ముందు ఏం కనిపించేది, ఎడమకి తిరగాలా కుడికా, నీళ్ళకి ఎక్కడికెళ్ళేవారు, అని అడుగు. ఆవిడ చెప్పినట్టల్లా గీత గీసుకుంటూ పో. ఆవిడ ఆగితే నువ్వూ ఆగు. ఆ ఖాళీని ఖాళీగానే వదిలి, మళ్ళీ ఇంకో ఆదివారం వెళ్ళు.

గీసింది నాకొక జిరాక్స్ పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు