బోరు నీళ్లలో ఫ్లోరైడ్: మా తాతకు ఏమీ కాలేదు కదా, మరి భయం ఎందుకు?

ఒక్క తాతను చూసి అనంతపురం జిల్లా ముప్పును లెక్కకట్టలేమండీ. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందన్నదే కాదు, ఎవరు, రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్నేళ్లు తాగారన్నదీ చూడాలి; మే నెల ఎండలో ఉపాధి పనికెళ్లే మనిషి, ఫ్యాన్ కింద కూర్చున్న మనిషి ఒకే లెక్కలోకి రారు. తాగునీళ్లలో ఫ్లోరైడ్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లే లేకపోతే 1.5 వరకు. పళ్ల మీద మచ్చలు వచ్చేది మాత్రం చిన్నపిల్లలకే, పన్ను చిగురు లోపల తయారయ్యే వయసు కదా.

ఇక "కాచి తాగండి" అని చెప్పడం ఇక్కడ పనికిరాదు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. "ఈ బోరు బట్టలకు సరే, తాగడానికీ వంటకీ వద్దు, మంచినీళ్లు ఫలానా కుళాయి దగ్గర పట్టుకోండి" అని విడమరిచి చెప్పాలి.