టెక్ సందేహాలు: చీరల యాప్‌లో కస్టమర్ల ఇష్టాలు ఎలా అడగాలి?

ప్రశ్న: మాకు కడపలో చీరల దుకాణం ఉంది. ఆండ్రాయిడ్ యాప్ కూడా చేయించాం. అందరికీ ఒకే ఆఫర్ నోటిఫికేషన్ పంపుతుంటే కొందరు నోటిఫికేషన్లు ఆపేస్తున్నారు, కొందరు యాప్‌నే తీసేస్తున్నారు. ఎవరికి ఏది నచ్చుతుందో తెలుసుకోవడానికి యాప్ తెరవగానే కనిపించేలా 12 ప్రశ్నల సర్వే పెట్టాలనుకుంటున్నాం. మంచిదేనా? – ఒక వ్యాపారి, కడప

సమాధానం: అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన మంచిదే. అయితే 12 ప్రశ్నలూ ఒకేసారి వద్దు, యాప్ తెరవగానే అసలే వద్దు. కౌంటరు మీద చీరలు పరిచే మీ సేల్స్‌మన్ "పెళ్లికామ్మా, రోజూ కట్టుకోవడానికా?" అని ఒక్క మాట అడిగి సరైన అరలో చెయ్యి పెడతాడు. యాప్‌లోని ప్రశ్న కూడా అలాగే ఉండాలి.

మీరు రాసుకున్న ప్రతి ప్రశ్ననూ ఒకే గీటురాయి మీద పరీక్షించండి: దీనికి ఇద్దరు వేర్వేరు జవాబులిస్తే వారికి మీరు పంపే సందేశం మారుతుందా? మారదనుకుంటే ఆ ప్రశ్నను కొట్టేయండి. వయసు, ఉద్యోగం, కుటుంబ ఆదాయం వంటివి సాధారణంగా ఇక్కడే రాలిపోతాయి. చివరికి మిగిలేవి నాలుగే: మాధవరం, ధర్మవరం, వెంకటగిరి, మంగళగిరి చీరల్లో ఏవి ఇష్టం, ఏ సందర్భానికి కొంటారు, ఏ ధరల్లో చూస్తారు, ఎన్నాళ్లకోసారి సందేశం పంపితే ఇబ్బంది ఉండదు. నా దృష్టిలో వీటిలో అన్నిటికన్నా విలువైనది చివరిది. మీ కస్టమర్లు యాప్‌ను తీసేయడానికి కారణం చీరలు నచ్చకపోవడం కాకపోవచ్చు, సందేశాలతో విసిగిపోవడం కావచ్చు.

ఆర్డర్ ఖరారైందని చూపే పేజీలో అడగండి, అప్పటికి వారి పని ముగిసి మనసు కుదుటపడి ఉంటుంది. డబ్బు చెల్లించే దారిలో మాత్రం ఏదీ అడ్డు పెట్టకండి. ఒకసారికి ఒక్క ప్రశ్న చాలు, పక్కనే "తర్వాత" అన్న మీట ఉండాలి, దాన్ని రెండుసార్లు నొక్కినవారిని కొన్ని వారాలపాటు మళ్లీ అడగకూడదు. "నాణ్యమైన, చవకైన చీరలు ఇష్టమా?" అనే ప్రశ్నకు కాదనేవారు ఉండరు, పైగా అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. దానికి బదులు నాలుగు చీరల ఫోటోలు చూపి నచ్చినదాన్ని తాకమనండి. మొదట కనిపించేదాన్నే తాకేవారు ఎక్కువ కాబట్టి ఫోటోల వరుసను ఒక్కొక్కరికి ఒక్కోలా మార్చండి. "ఇవేవీ కావు" అన్న జవాబు కూడా తప్పనిసరిగా ఉంచండి.

మీ డెవలపర్ ఫైర్‌బేస్ (యాప్‌ల తయారీకి గూగుల్ అందించే సేవల సముదాయం) వాడుతుంటే, అందులోని ఇన్-యాప్ మెసేజింగ్ (యాప్ వాడుతున్నవారికి తెర మీదే సందేశం చూపే సదుపాయం) ఉచితం. ఆర్డర్ పూర్తయిన వెంటనే చిన్న కార్డు చూపించి, దాని మీటతో మీ సొంత ప్రశ్న పేజీ తెరిపించవచ్చు. వచ్చిన జవాబును బట్టి ఆ ఫోన్‌ను, నోటిఫికేషన్లు పంపే ఫైర్‌బేస్ సేవ క్లౌడ్ మెసేజింగ్‌లోని ఒక టాపిక్‌లో (ఒకే ఆసక్తి ఉన్నవారి జాబితాలో) చేర్చితే, మాధవరం చీరలు కోరినవారికి మాత్రమే ఆ కబురు వెళ్తుంది. టాపిక్ పేర్లకు తెలుగు అక్షరాలు పనికిరావని డెవలపర్‌కు గుర్తుచేయండి.

జవాబులు వచ్చాక వాటిని కొనుగోళ్లతో పోల్చి చూడాలి. ఖరీదైన పట్టు ఇష్టమని చెప్పి ఏడాది పొడవునా కాటన్ కొనేవారు ఉంటారు. అలాంటి చోట ఏ సరుకు చూపాలో కొనుగోలును బట్టి, ఎన్నిసార్లు పలకరించాలో జవాబును బట్టి నిర్ణయించండి. సర్వేకు స్పందించేవారిలో ఇప్పటికే మీ దుకాణాన్ని ఇష్టపడేవారే ఎక్కువ ఉంటారు కాబట్టి వారి మాటను కస్టమర్లందరి మాటగా తీసుకుని సరుకు తెప్పించకండి.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి, దాన్ని తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. అనుమతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా ఉండాలి. 18 ఏళ్లు నిండనివారిని గురిపెట్టి ప్రకటనలు పంపకూడదు. గూగుల్ ప్లేలో మీ యాప్ ఏ సమాచారం తీసుకుంటుందో చూపే డేటా సేఫ్టీ వివరాల్లోనూ ఈ కొత్త సేకరణ సంగతిని చేర్పించండి.

ప్రశ్న: మా కిరాణా యాప్ సర్వేకు జవాబిచ్చినవారికి కూపన్ ఇవ్వవచ్చా? – ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: ఇవ్వవచ్చు, కానీ చిన్నదే ఇవ్వండి. కూపన్ పెద్దదైన కొద్దీ చదవకుండా చకచకా నొక్కేవారు పెరిగి, జవాబుల విలువ తగ్గుతుంది. దానికన్నా జవాబు ఇచ్చిన వెంటనే ఫలితం చూపించడం మేలు: ఒకరు చిరుధాన్యాలు ఎంచుకుంటే, యాప్ మొదటి పేజీలో కొర్రలు, అండుకొర్రలు అప్పటికప్పుడు పైకి రావాలి. అలా మారినట్టు కంటికి కనిపిస్తే తర్వాతి ప్రశ్నకు ఆలోచించి జవాబిస్తారు. కూపన్‌ను జవాబుకు మాత్రమే ఇవ్వండి, ప్రకటనలు పంపడానికి అనుమతించే గడిని దానికి ముడిపెట్టకండి. అనుమతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలని పైన చెప్పిన చట్టమే నిర్దేశిస్తోంది, కాబట్టి ఆ గడిని విడిగా, ముందే టిక్ పెట్టకుండా ఉంచండి.