డిపాజిట్ల సంగతి తర్వాత, ముందు జబ్బు పూర్తి పేరు కనుక్కోండి

ప్రశ్న: పది రోజుల క్రితం మా ఆయనకు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. వయసు 44. నెట్‌లో చదివినకొద్దీ భయమేస్తోంది. పిల్లల చదువుకని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ తీసేసి డబ్బు చేతిలో పెట్టుకోమంటున్నారు అందరూ. తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మామూలుగా నేను ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాను. మీ విషయంలో ముందు చూడాల్సింది బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష రిపోర్టు.

బ్లడ్ క్యాన్సర్ అన్నది ఒక్క జబ్బు కాదు. లుకేమియా, లింఫోమా, మైలోమా, వాటిలో మళ్లీ ఎన్నో రకాలు. ఖర్చు ఎప్పుడు, ఎంత వస్తుందన్నది ఆ రకాన్ని బట్టే ఉంటుంది. అక్యూట్ (వేగంగా ముదిరే) లుకేమియా అయితే చికిత్స వెంటనే మొదలుపెట్టాలి, మొదటి నెలల్లోనే పెద్ద మొత్తం కావాలి. అదే సీఎంఎల్ (నెమ్మదిగా ముదిరే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) అయితే చాలామందికి ఏళ్ల తరబడి రోజూ మాత్రలే. 2001లో వచ్చిన ఇమాటినిబ్ అనే మాత్ర ఆ జబ్బు తీరునే మార్చేసింది, ఇప్పుడు దాని జెనరిక్‌లూ (అదే మందుకు వేరే కంపెనీల చవక రకాలు) ఉన్నాయి. అక్కడ కావలసింది మూట కాదు, నెలనెలా ఆగకుండా అందే డబ్బు. సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) తొలి దశలో మందు మొదలుపెట్టకుండా కొన్నాళ్లు గమనిస్తూ ఉండటం కూడా మామూలే.

ఈసారి డాక్టరు దగ్గరికి నోట్‌బుక్‌తో వెళ్లండి. జబ్బు కచ్చితమైన పేరు, రాబోయే మూడు నెలల్లో ఎన్నాళ్లు ఆస్పత్రిలో ఉండాలి, ట్రాన్స్‌ప్లాంట్ (మజ్జ మార్పిడి) అవసరం పడుతుందా అని అడిగి రాసుకోండి. ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఉంటే తప్పక కలవండి. సాయం చేసే పథకాల గురించి వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ మాత్రం ఆలస్యం చేయకండి. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చేది) ఉంటే మినహాయింపుల పేజీ చదవండి. తొలి దశ సీఎల్ఎల్‌ను చాలా పాలసీలు లెక్కలోకి తీసుకోవు.

ఇక నెట్ సంగతి. బతికే అవకాశాల శాతాలు చూసి బెంబేలెత్తకండి, అవి చాలావరకు కొత్త మందులు రాకముందు చికిత్స తీసుకున్నవాళ్ల లెక్కలు. 1949 నుంచి పనిచేస్తున్న అమెరికా సంస్థ బ్లడ్ క్యాన్సర్ యునైటెడ్ (2025 దాకా దీని పేరు లుకేమియా అండ్ లింఫోమా సొసైటీ), మైలోమా అయితే ఇంటర్నేషనల్ మైలోమా ఫౌండేషన్, ఉచితంగానే సమాచారం ఇస్తాయి. గ్యారంటీగా నయం చేస్తామని అడ్వాన్సు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

ఈలోగా అత్యవసరమైతే డిపాజిట్ రద్దు చేసే బదులు దానిమీద లోన్ దొరుకుతుందేమో బ్యాంకులో అడగండి. ఆయన జీతం ఎన్ని నెలలు ఆగుతుందో కూడా లెక్కేసుకోండి, చాలా ఇళ్లలో బిల్లు కన్నా అదే ఎక్కువ దెబ్బ కొడుతుంది. రిపోర్టు, పాలసీ కాగితాలు చేతికొచ్చాక మళ్లీ రాయండి. ఏ డిపాజిట్ ముందు తీయాలో అప్పుడు చూద్దాం.