అటక మీది రిసీవరు విప్పే ముందు

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి,

అటక మీది పాత స్టీరియో రిసీవరులో (రేడియో, యాంప్లిఫయరు కలిసిన సెట్టు) లైటు వెలుగుతోందనీ, ఎడమ స్పీకరు బాక్సు కాసేపు పలికి కాసేపు మూగబోతోందనీ, కండెన్సర్లన్నీ మార్చేద్దామా అనీ రాశావు. మార్చొద్దు. మీ కొత్తపట్నం ఉప్పుగాలికి ముందు పాడయ్యేవి కాంటాక్టులు. శబ్దం వచ్చి పోతోందంటే ఎక్కడో ఆనుకోవాల్సింది ఆనుకోవట్లేదన్నమాట.

మూత విప్పకముందే, కరెంటు తీసేసి, వెనక స్పీకరు వైర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చు. ఇప్పుడు కుడి బాక్సు మూగబోతే తప్పు సెట్టుది. ఎడమదే మూగగా ఉంటే బాక్సుదో వైరుదో, సెట్టు జోలికే పోవద్దు. టేప్ రికార్డరు నుంచి వచ్చేది వినడానికి పెట్టిన టేప్ మానిటర్ బటన్‌ని ఇరవైసార్లు నొక్కి వదులు. ఏళ్ల తరబడి కదలని ఆ బటన్ లోపల నల్లబడి ఒక పక్కే తెగిపోవడం మామూలే. అది నొక్కుకుని ఉండిపోతే రెండు పక్కలా ఏమీ పలకదు, దానికే సెట్టు చచ్చిందనుకుని పాతసామాన్లకు వేసేవాళ్లున్నారు!

ఇక మూత. ప్లగ్గు పీకినా లోపలి రెండు పెద్ద కండెన్సర్లలో ఒక్కోదాంట్లో 40, 50 వోల్టులు నిలిచి ఉండొచ్చు. 1 కిలో ఓమ్, 5 వాట్ల సిమెంటు రెసిస్టరు కాళ్లను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఒక్కో కండెన్సరు రెండు కాళ్లకీ నిమిషం పాటు ఆనించు. తర్వాత మీటరు పెట్టి వోల్టు లోపుకి దిగిందో లేదో చూడు. స్క్రూడ్రైవరుతో షార్టు చెయ్యకు.

వాల్యూం, బాలెన్సు, సెలెక్టరు, ఆ టేపు బటన్, వీటన్నిటి సందుల్లోకి కాంటాక్టు క్లీనరు రెండేసి చుక్కలు కొట్టి, ముప్పైసార్లు తిప్పు. తుప్పు వదిలించే స్ప్రే వాడకు, జిడ్డు మిగిలి దుమ్ము పట్టుకుంటుంది.

అప్పటికీ లొంగకపోతే స్పీకరు రిలే, అంటే స్పీకర్లను సెట్టుకి కలిపే కరెంటు స్విచ్చు. ఆన్ చేసిన మూడు నాలుగు సెకన్లకు టిక్కుమనేది అదే. చిన్న వాల్యూంలో మూగగా ఉండి, పెంచగానే ఠప్పున పలికితే దాని కాంటాక్టులే అనుకో. కవరు ఊడితే, క్లీనరులో తడిపిన తెల్లకాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి లాగు. గరుకు కాగితంతో రుద్దితే వెండి పూత పోతుంది. మార్చాల్సొస్తే కాయిల్ వోల్టేజి, కాళ్ల వరస రెండూ కలవాలి.

బోర్డు వెనక, వేడెక్కే ట్రాన్సిస్టర్లు, రెగ్యులేటర్ల కాళ్ల చుట్టూ ఉంగరంలా పగులు కనపడితే అది డ్రై సోల్డరు, అంటే అతుకు వదిలిందన్నమాట. పాత లెడ్డు తీసి 60/40 లెడ్డుతో మళ్లీ వెయ్యి.

మూత తీసి పని చేశాక నేరుగా కరెంటు ఇవ్వకు. కరెంటు 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు గుండా వెళ్లి సెట్టుకి చేరేలా సిరీస్ బోర్డు కట్టుకో, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే ఫరవాలేదు. వెలుగుతూనే ఉంటే లోపల షార్టు: డయోడు బ్రిడ్జినో, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లనో చూడాలి. ట్రాన్సిస్టరు పోయుంటే దాని జంటనీ మార్చు, దాని ముందున్న డ్రైవర్ ట్రాన్సిస్టరునీ ఎమిట్టర్ రెసిస్టరునీ కొలువు; ట్రాన్సిస్టరు కింద పెట్టే మైకా రేకు, వేడి లాగే పేస్టు మర్చిపోకు. టూఎస్‌సీ 5200, టూఎస్‌ఏ 1943 అనే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు నకిలీలు బజారులో దండిగా ఉన్నాయి. ఫ్యూజు పోతే అదే రేటింగుది వెయ్యి, రాగి తీగ చుట్టకు.

గుయ్యిమనే హమ్మింగు వాల్యూం సున్నాలో ఉన్నా వస్తేనే ఆ పెద్ద కండెన్సర్లను అనుమానించు. అప్పుడైనా అంతే మైక్రోఫారడ్లు, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల వేడికి తట్టుకునేవి, గీత ఉన్న కాలు మైనస్ వైపు.

సెట్టు అమెరికా నుంచి వచ్చిన డిజిటల్ ట్యూనరైతే వెనక మీడియం వేవ్‌లో ఎంతెంత దూరం గెంతాలో మార్చే 9, 10 కిలోహెర్ట్జ్ స్విచ్చుందేమో చూడు. 10లో ఉంటే చెన్నై 720 సరిగ్గా దొరుకుతుంది గానీ విజయవాడ 837 మీద నిలవదు.

చివరికి బాక్సులు తీసేసి, రిలే టిక్కుమన్నాక స్పీకరు టెర్మినళ్ల మీద డీసీ కొలువు. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటేనే బాక్సులు తగిలించు. రిలే అసలు పడకపోతే దానికి ముందు వైపు కొలువు, వోల్టుల్లో వస్తే ఆపెయ్యి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు సరిచేసే బయాస్ ప్రీసెట్ మాత్రం సర్వీసు మాన్యువలు చేతికొచ్చేదాకా తిప్పకు. ఎడమా కుడీ ఎంతెంత వచ్చిందో రాసి పంపు.

మీ మామయ్య