కాటి సీను పద్యాలు ఎవరివో మా తాతకి తెలియదు

“నాటకం, నాట్యం, సంగీతం లాంటివి దేశ సంస్కృతికి నిజంగా అంత అవసరమా? చూసేవాళ్లే కరువైనప్పుడు వాటికి ప్రభుత్వం డబ్బు పెట్టడం దేనికి?” అని అడిగారు.

నాట్యం గురించి, సంగీతం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. పద్యనాటకం సంగతైతే కొంత చెప్పగలను. మాది తెనాలి పక్క ఊరు. ఎనభైల్లో శ్రీరామనవమి పందిట్లో నాటకం ఉందంటే సాయంత్రం ఆరింటికే వెళ్లి, హార్మోనియం పెట్టే చోటుకి దగ్గరగా గోనెపట్టా పరిచి రావడం నా పని. నాటకం మొదలయ్యేసరికి రాత్రి పదకొండు. నేను ఆ గోనెపట్టా మీదే నిద్రపోయేవాణ్ని. మంచి పద్యం వచ్చినప్పుడు మా తాత (అమ్మకి నాన్న) డొక్కలో పొడిచి లేపేవాడు.

తాత వేలిముద్ర మనిషి. కానీ రాయబారం, గయోపాఖ్యానం, హరిశ్చంద్ర నాటకాలు మూడూ నోటికొచ్చు. ఒకసారి కృష్ణుడు వేసినాయన మూడో పాదం అయిపోగానే రాగం అందుకున్నాడు. తాత పక్కాయన తొడ మీద చరిచి, “నాలుగో పాదం మింగాడు” అన్నాడు. నాలుగు వరసల వెనక ఇంకెవరో అదే మాట పైకే అరిచారు. మరి బడి మొహం చూడని వాళ్లకి ఎలా దొరికిందంటారా? ఉత్పలమాలైనా మత్తేభమైనా నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు పడాలి. దానికి ప్రాస అనే పేరుందని వాళ్లకి తెలియదు. మూడు దెబ్బలు పడ్డాయి, నాలుగోది ఏదీ అని చెవి వెతుక్కుంటుంది, అంతే. నేను పదో తరగతిలో గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ ఇప్పటికీ వింటూ పట్టుకోలేను.

అలాగని ఆ రోజుల్లో అంతా గొప్పగా ఉండేదని చెప్పను. అవి కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ని రప్పిస్తాడు, రిహార్సల్ అనే మాటే ఉండదు. కరపత్రంలో మొదటి కృష్ణుడు ఒకరు, రెండో కృష్ణుడు ఇంకొకరు. అర్జునుడూ దుర్యోధనుడూ నిద్రలో ఉన్న కృష్ణుడి దగ్గరికి వచ్చే పడక సీనులో పొట్టిగా ఉన్న కృష్ణుడు కౌరవ సభకి వచ్చేసరికి జానెడు పెరిగేవాడు! చివరి పాదం మీద రాగం తీస్తూ పోతే పద్యం ఏమిటో మనం మరిచిపోయేవాళ్లం. “ఒన్స్ మోర్” అంటే మళ్లీ మొదటికి. కథ ఎటు పోయినా ఎవరికీ పట్టదు. నన్నడిగితే పద్యనాటకాన్ని సినిమా ఎంత దెబ్బ తీసిందో ఈ రాగాలూ అంతే తీశాయి.

ఇక చదివింపులు. కాటి సీను నడుస్తుంటుంది. హరిశ్చంద్రుడు భుజాన కర్రతో శ్మశానంలో నిలబడి ఏడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మైకులో “ఫలానా వారు నూటపదహార్లు” అని ప్రకటిస్తారు. ఆయన ఏడుపు ఆపి, రెండు చేతులూ జోడించి, దాత కూర్చున్న వైపు తిరిగి చిరునవ్వుతో దండం పెట్టి, మళ్లీ కర్ర సర్దుకుని, ఆపిన చోటునుంచే ఏడుపు అందుకునేవాడు. ఆశ్చర్యమేమిటంటే మళ్లీ నాకు కళ్లనీళ్లు వచ్చేవి.

మీ ప్రశ్నకి నా జవాబు కూడా ఆ కాటి సీనులోనే ఉంది. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కానీ కాటి సీనులో జనం ఎదురుచూసే పద్యాలు ఆయనవి కావు, గుర్రం జాషువాగారివి. శ్మశానం మీద ఆయన రాసుకున్న ఖండిక (చిన్న కావ్యం) నుంచి తీసి నటులే నాటకంలో కలుపుకున్నారు. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావుగారు పాడాక అవి లేకుండా హరిశ్చంద్ర ఆడితే ఊరుకునేవాళ్లు లేరు. జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు, కులం పేరుతో సభల్లో అవమానాలు పడ్డారు. రాయబారం పద్యాలు రాసిన జంటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం (గొప్ప కవికి గౌరవంగా తొడిగే కడియం) తొడగడం తరవాతి మాట.

ఇవేవీ మా తాతకి తెలియవు. ఇంటరులో నాకు జాషువా గురించి పాఠం వచ్చింది. సెలవులకి వెళ్లి, “తాతా, నువ్వు రోజూ పాడే కాటి పద్యాలు బలిజేపల్లివి కాదు, జాషువాగారివి” అన్నాను. ఎవరాయన అన్నాడు. చెప్పాను, కులం కూడా చెప్పాను. మా ఇంట్లో అప్పటికి పాలేరుకి వేరే గ్లాసు ఉండేది, దొడ్డి గోడ మీద బోర్లించి. తాత చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “అన్నేళ్లూ ఆయన మాటలకా నేను ఏడ్చింది” అన్నాడు. ఆ గ్లాసు మర్నాడే లోపలికి వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ రాలేదు. పద్యాలు మాత్రం మానలేదు, సాయంత్రం గేదెకి మేత వేస్తూ పాడుతూనే ఉండేవాడు. జాషువాగారి పుస్తకం మా వీధిలోకి ఏ దారినా వచ్చేది కాదు. ఆయన పద్యాన్ని నటుడి గొంతు మోసుకొచ్చి మా పందిట్లో దించింది. సంస్కృతిలో నాటకం స్థానం అంటే నాకు తెలిసింది ఇదే.

అసలు మన నాటకం మడి కట్టుకుని కూర్చున్నది కూడా కాదు. 1880లో రాజమండ్రిలో ధార్వాడ నాటక సమాజం వాళ్ల నాటకాలు చూసిన ఊపులో వీరేశలింగంగారు తెలుగు నాటకం ఆడించారు. ఆ తరవాత దానికి పద్యాలూ పాటలూ దట్టించి ఊపు తెచ్చింది బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు. హార్మోనియం పెట్టె ఫ్రాన్సులో పుట్టింది. ఇవన్నీ కలిసి “మనది” అయ్యాయి.

ప్రభుత్వ డబ్బు మాటకొస్తే, శాలువాలకీ జ్ఞాపికలకీ అయితే నేనూ వద్దంటాను. పండగ సభల్లో పది నిమిషాల ఏకపాత్రాభినయం పెట్టి, మంత్రిగారు రాగానే మధ్యలో ఆపించే కార్యక్రమాలకీ వద్దు. నాలుగేళ్ల కిందట మా ఊళ్లో నలుగురం చందాలు వేసుకుని పూర్తి రాయబారం ఆడించాం. నటులు దొరికారు. డ్రెస్సులు, సీనరీ అద్దెకి దొరికాయి. దొరకనిది హార్మోనిస్టు. పద్యం ఎక్కడ ఎత్తుకుంటాడో కనిపెట్టి, నటుడి శ్రుతి తప్పితే వేలితో లాక్కొచ్చే మనిషి. చివరికి వచ్చినాయనకి డెబ్బై దాటాయి. ఆయన ఆ రాత్రికి ఇంకో రెండు ఊళ్లకి కాదని చెప్పి వచ్చాడు. అలాంటి ఒక్కొక్కరి దగ్గర ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్లకి నెలకింత అని ఇస్తే నాకు అభ్యంతరం లేదు, నా పన్నులోంచి తీసుకోమనండి.

ఆ రాత్రి తెర లేచేసరికి మూడొందల మంది ఉన్నారు, రాత్రి రెండు దాటేసరికి అరవైమంది మిగిలారు. అందులో ఒక ముసలావిడ, రెండో కృష్ణుడు తడబడితే ప్రాంప్టరు కంటే ముందు మాట అందించింది.

మీరు ఎప్పుడూ చూసి ఉండకపోతే, ఏప్రిల్ 16న వీరేశలింగంగారి పుట్టినరోజుని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు, ఆ చుట్టుపక్కల ఎక్కడైనా పద్యనాటకం పడుతుందేమో కనుక్కోండి. వెళ్తే ముందు వరస సోఫాల్లో కూర్చోకండి, అవి పెద్దమనుషులవి, గంటలో ఖాళీ అవుతాయి. హార్మోనియం ఉన్న వైపు, తెల్ల పంచెల ముసలాళ్ల పక్కన కూర్చోండి. పద్యం అర్థం కాకపోతే వాళ్లనే అడగండి, నాటకం అయ్యేదాకా చెబుతూనే ఉంటారు.