కృతజ్ఞత నోట్‌బుక్ సరే, ఆ నిద్రమాత్ర సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 63. రిటైరైన టీచర్‌ని. ఇదివరకు పొద్దున్నే పెరట్లో నందివర్ధనాలు కోస్తుంటే మనసు హాయిగా ఉండేది. నాలుగు నెలలుగా ఏదీ పట్టడం లేదు. వీడియో కాల్‌లో మనవరాలు డ్యాన్స్ చేసినా ఊరికే చూస్తూ కూర్చుంటున్నాను. రోజూ మూడు మంచి విషయాలు రాసుకోమని మా అబ్బాయి చెబితే 40 రోజులుగా రాస్తున్నా. నిన్న రాసినవి: కరెంటు పోలేదు, పాలు విరగలేదు, పనమ్మాయి వచ్చింది. రాయడమే గానీ లోపల ఏమీ అనిపించడం లేదు. దేవుడు ఇంత ఇచ్చినా సంతోషపడలేకపోతున్నానని బాధ. పొద్దున రాస్తే మంచిదా, రాత్రి రాస్తే మంచిదా? అన్నట్టు, ఎనిమిదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. అరికాళ్లు తిమ్మిర్లు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. నిద్రకి పక్కింటావిడ చెప్పిన ఆల్ప్రజోలం మూడు నెలలుగా వేసుకుంటున్నా.

జవాబు: అమ్మా, మా దగ్గరికొచ్చే పేషెంట్లు అసలు మాట తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి చెబుతారు. మీరూ అంతే, ‘అన్నట్టు’ తర్వాత రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూడు నెలలు రోజూ ఆల్ప్రజోలమా? పిల్లలకు పాఠాలు చెప్పినవారు, పక్కింటి చీటీతో మందు ఎలా మింగారమ్మా? ఆవిడకి ఎందుకు రాశారో, ఎన్ని రోజులకు రాశారో మీకు తెలియదు. డాక్టర్ చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వకూడని మందు అది. అలవాటు పడుతుంది. మీ వయసులో రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడితే తుంటి ఎముకకే ప్రమాదం. మనసు మొద్దుబారినట్టు ఉండటంలో దాని వాటా కూడా ఉండొచ్చు. అలాగని ఇది చదివి ఈ రాత్రికే మానేయకండి. రోజూ వేసుకునే మాత్రను ఒక్కసారిగా ఆపితే గుండెదడ, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

ఇక మెట్‌ఫార్మిన్. మంచి మందే, మానొద్దు. కానీ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది. దాంతో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు, మనసు దిగులుగా ఉండటం కనిపించొచ్చు. తిమ్మిర్లు షుగర్ వల్ల కూడా రావచ్చు. ఏదన్నది చూడకుండా నేను చెప్పలేను. బి12, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చేయించండి. పరీక్షకు రక్తం ఇచ్చేదాకా సొంతంగా బీకాంప్లెక్స్ మొదలుపెట్టకండి, రిపోర్టు తారుమారవుతుంది. ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇంకా చిక్కు: బి12 తక్కువగా ఉన్నా రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

ఇవన్నీ మామూలుగా ఉన్నా విషయం అయిపోయినట్టు కాదు. ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, తెల్లవారుజామున మెలకువ రావడం, తప్పంతా నాదే అనిపించడం రెండు వారాలు దాటి ఉంటే మేము డిప్రెషన్ గురించి ఆలోచిస్తాం. మీది నాలుగు నెలలు. ఉత్తరం చూసి డిప్రెషనే అని తేల్చలేను గానీ, సైకియాట్రిస్ట్‌కి చూపించుకోవడం ఆలస్యం చేయొద్దు. ‘పిచ్చి డాక్టరా’ అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ జవాబు చూపించండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా దాచకండి. ఇంట్లోవాళ్లకి చెప్పండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

కృతజ్ఞత లేక ఇలా ఉన్నారని మాత్రం నేను అనుకోవడం లేదు. జ్వరంతో నోరు చేదైనవాళ్లకి పాయసం రుచించకపోతే తప్పు పాయసానిదా, వాళ్లదా? మంచి విషయాలు రాసుకోవడం మీద 2003లో ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన పేరున్నదే. అందులో ఒక భాగంలో కాలేజీ విద్యార్థులు వారానికి ఒక్కసారే, పది వారాలు రాశారు. కష్టాల జాబితా రాసినవాళ్లకంటే వాళ్లకి జీవితం మీద కాస్త తృప్తిగా అనిపించింది. డిప్రెషన్‌కి మందుగా పెట్టిన పరీక్ష కాదది. మీరేమో హోమ్‌వర్క్‌లా రోజూ రాసి, మీకు మీరే సున్నా మార్కులు వేసుకుంటున్నారు.

పొద్దునా, రాత్రా అన్నారు కదా. ఎప్పుడైనా ఫర్వాలేదు. వారానికోసారి చాలు, రాయబుద్ధి కాకపోతే ఆపేయండి. దానికి బదులు, తూలుడు లేకపోతే, వెలుతురు ఉన్నప్పుడు చెప్పులు వేసుకుని ఓ పావుగంట నడవండి. అరికాళ్లకి స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి. దారిలో వేపచెట్టు మీద ఉడత కనిపిస్తే ఆగి చూడండి. చూసి సంతోషపడి తీరాలని మాత్రం పెట్టుకోకండి.

ఈ వారమే మీ షుగర్ డాక్టర్‌ని కలవండి. పాత రిపోర్టులతో పాటు ఆ ఆల్ప్రజోలం స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి, ఖాళీదైనా సరే. దాని మీద ఎన్ని మిల్లీగ్రాములో చూడాలి.