స్కౌసర్ అంటే నవ్వే ఊరు, జార్డీ అంటే మండిపడే ఊరు

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలోనే ఉండి, బ్రిటన్ వినియోగదారులతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాడు. లివర్‌పూల్ మనిషి ఒకాయన ‘నేను స్కౌసర్‌ని’ అని చెప్పుకొని నవ్వాడట. మరునాడు సండర్లాండ్ ఆవిడను ‘మీరు జార్డీలా?’ అని అడిగితే కస్సుమన్నదట. ఏమిటీ పేర్లు? వాళ్ళ ఇంగ్లీషు మావాడికి సగమైనా అర్థం కాకపోవడం ఎవరి తప్పు?
– ఒక పాఠకురాలు, మల్కాపురం

జవాబు: ముందుగా ఆ కస్సుమన్న సంగతి చూద్దాం. ‘జార్డీ’ అన్నది ఈశాన్య ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వారి పేరు. సండర్లాండ్ అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, ఆ రెండు ఊళ్ళ మధ్య ఫుట్‌బాల్ వైరం ఎంతటిదంటే, ఒకరి పేరుతో మరొకరిని పిలిస్తే ఊరుకోరు. సండర్లాండ్ వారిని ‘మాకెమ్’లంటారు. ఓడలు కట్టే ఆ ఊరివారు ‘మేక్’ను ‘మాక్’ అనీ, ‘టేక్’ను ‘టాక్’ అనీ పలికేవారు కనుక, ‘మేం చేస్తాం, వాళ్ళు పట్టుకుపోతారు’ అన్న మాటలోంచి ఆ పేరు పుట్టిందని చెబుతారు. 1948లో ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగిన సింధియా యార్డు పక్కనే ఉంటున్న మీకు ఆ మాటలోని గర్వాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

జార్డీ మాత్రం జార్జ్ అన్న పేరుకు ముద్దు రూపం. ఏ జార్జ్ అన్న దగ్గరే పేచీ. 1745 తిరుగుబాటులో న్యూకాజిల్ రెండవ జార్జ్ రాజు పక్షాన నిలిచింది కనుక అలా వచ్చిందని కొందరూ, జార్జ్ స్టీఫెన్సన్ 1815లో బొగ్గుగని కార్మికుల కోసం తయారుచేసిన దీపం వల్ల వచ్చిందని మరికొందరూ అంటారు. నాకు దీపం కథే నచ్చుతుంది. అయితే నచ్చినంత మాత్రాన అది రుజువు కాదు.

ఇక స్కౌసర్. మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఓడలో నిల్వ ఉండే గట్టి బిస్కెట్లు కలిపి నావికులు వండుకొనే ‘లాబ్‌స్కౌస్’ అనే కూర ఉత్తర ఐరోపా రేవులన్నిటా ఉండేది. జర్మనీ, నార్వేలలో దాన్ని కొద్ది తేడాతో అదే పేరుతో ఇప్పటికీ తింటారు. లివర్‌పూల్‌లో పేదవారి పొయ్యి మీద అది నిత్యం ఉడికేది కాబట్టి, తినేవారికీ వారి యాసకూ కూర పేరే స్థిరపడింది. ఆ యాస కూడా కలగూరే: 1840లలో కరువు తరిమితే వచ్చిన ఐరిష్ వారి పలుకుబడి స్థానిక లాంకషైర్ మాటతో కలిసింది. ‘బ్యాక్’ వంటి మాటల చివరి ‘క’ను వారు, ఉర్దూవారి ‘ఖబర్’లోలాగా, గొంతులో ఒరిపిడితో పలుకుతారు. మీ అబ్బాయి చెవికి చిక్కనిది బహుశా ఇదే.

లండన్ వారి ‘కాక్నీ’ తిట్టుగా మొదలైంది. కోడిపుంజు పెట్టిన గుడ్డు అని దాని మూలార్థం. గారాబంతో చెడిన బిడ్డకూ, ఆ తరువాత పల్లెవారి నోట పట్నవాసికీ చెల్లింది. సెయింట్ మేరీ లె బో చర్చి గంటలు వినిపించేంత దూరంలో పుట్టినవాడే అసలు కాక్నీ అని పాతకాలపు లెక్క. 1941 బాంబుదాడిలో ధ్వంసమైన ఆ గంటలు మళ్ళీ మోగింది 1961లో కనుక, ఆ లెక్కను పట్టుకుంటే నడుమ ఇరవయ్యేళ్ళు కాక్నీలే పుట్టలేదనాలి!

తప్పు ఎవరిదీ కాదు. మన పాఠాల్లో వినిపించిన ప్రామాణిక ఉచ్చారణ బ్రిటన్‌లోనే కొద్దిమందికి ఇంటి భాష. పైగా వారి ‘టి’, ‘డి’ శబ్దాలకు నాలుక పైపళ్ళ వెనుక చిగురును తాకుతుంది. మనం నాలుకను ఇంకా వెనక్కి మడిచి ‘ట’, ‘డ’ అంటాం. అంటే అవతలివారు మీ అబ్బాయి యాసను మొదటి వాక్యంలోనే పట్టేస్తున్నారన్నమాట. అతడు ఆ పేర్లు తనంతట తాను వాడకుండా, ముందు ఊరి పేరు అడగడం మేలు.

ప్రశ్న: మరి మన విశాఖవారికి అలాంటి పేరు లేదెందుకు?
– అదే పాఠకురాలు

జవాబు: తెలుగులో ఊరి పేరుకు ‘ఓళ్ళు’ చేరిస్తే పని జరిగిపోతుంది: సిక్కోలోళ్ళు, గోదారోళ్ళు. యాస సంగతంటారా, ‘బేగి రా’ అన్న ఒక్క మాటతో విజయవాడలో మన ఊరు బయటపడుతుంది. అయితే ‘వైజాగ్’ చరిత్ర తమాషా అయినది. ఆంగ్లేయులు విశాఖపట్నాన్ని తమ నోటికి వచ్చినట్టు ‘విజగపటం’గా రాసుకొని, దానిని సగానికి కత్తిరించారు, ఆ మిగిలిన అక్షరాలను మనం మన పద్ధతిలో చదువుకొని ‘వైజాగ్’ అంటున్నాం.